కరోకే ఆటలో అందని స్వరాలను అందుకోవడం: అల్ట్రాస్టార్ ఆడేవారికి సమగ్ర మార్గదర్శి

మా వదిన ఎనిమిదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు. సంక్రాంతికి అందరం కలిసినప్పుడు టీవీకి కంప్యూటర్ తగిలించి, మైకులో పాడితే మార్కులు వేసే ఆట అల్ట్రాస్టార్ డీలక్స్ పెట్టాం. ఆవిడ పాడుతుంటే వంటగదిలో ఉన్నవాళ్లు గరిటె పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు. పాట అయ్యాక తెర మీద పదివేలకు 5,140 పడింది. ఆ తరువాత మా పదకొండేళ్ల మేనల్లుడు మైకు లాక్కుని, సాహిత్యం సగం మింగేసి, మిగతా సగం ముక్కుతో కూనిరాగం తీసి 7,860 కొట్టాడు. వదిన ముఖం చూసి వాడికే జాలేసినట్టుంది. "అత్తయ్యా, మీరు బాగానే పాడారు. దానికే అర్థం కాలేదు" అన్నాడు.

వాడు ఓదార్పుగా అన్నాడు కానీ అది అక్షరాలా నిజం. ఈ ఆటల్లో కష్టమైన స్వరం అని మనం అనుకునేది చాలాసార్లు గొంతుకు కష్టమైనది కాదు. మనం పాడినదానికీ యంత్రం విన్నదానికీ మధ్య ఎక్కడో తేడా వస్తుంది. ఆ తేడా ఎక్కడ వచ్చిందో తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. దాన్ని చదవడం వస్తే సగం స్వరాలు సాధన లేకుండానే దారికొస్తాయి. మిగతా సగానికి సాధన తప్పదు.

సోనీవారి లండన్ స్టూడియో 2004లో ప్లేస్టేషన్ 2 కోసం సింగ్‌స్టార్ అనే ఇలాంటి పాటల ఆటను తెచ్చింది. హార్మోనిక్స్ సంస్థ 2003లోనే కరోకే రెవల్యూషన్, 2007లో రాక్ బ్యాండ్ చేసింది. అల్ట్రాస్టార్ సింగ్‌స్టార్‌ను చూసి పుట్టిన ఉచిత ఆట. నేను దాని మీదే రాస్తున్నాను. ఎందుకంటే అది దాదాపు ఏ కంప్యూటర్‌లోనైనా నడుస్తుంది, పాటల ఫైళ్లను విప్పి చూసుకోవచ్చు, కావాలంటే తెలుగు పాటలకు మనమే ఫైలు రాసుకోవచ్చు. ఇక్కడ చెప్పేవాటిలో చాలా భాగం మిగతా ఆటలకూ పనికొస్తుంది.

ఆట ఏం వింటుంది, ఏం వినదు

తెర మీద వరుసగా వచ్చే పట్టీల్లో ఒక్కొక్కటి ఒక్కో స్వరం. పట్టీ ఎత్తు స్వరస్థానాన్ని, పొడవు కాలాన్ని చెబుతుంది. ఆట పాటను చిన్న చిన్న గడులుగా కోసి, ప్రతి గడిలోనూ మీ గొంతు సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తోందో లెక్క వేస్తుంది. అది పట్టీకి సరిపోతే గడి నిండుతుంది, లేకపోతే ఖాళీగా పోతుంది. అంతకుమించి దానికి ఏమీ తెలియదు. మీరు పలికింది తెలుగా, తమిళమా, వట్టి 'ఊ' నా అన్నది దానికి పట్టదు. గొంతులో తీయదనం, భావం, ఉచ్చారణ ఏవీ లెక్కలోకి రావు.

దూరాలు కొలవడానికి ఒక మాట అనుకుందాం. హార్మోనియం మీద నల్లవీ తెల్లవీ కలిపి చూస్తే పక్కపక్కనున్న రెండింటి మధ్య దూరాన్ని ఇక్కడ ఒక మెట్టు అంటాను. స నుంచి పై స వరకు 12 మెట్లు. అల్ట్రాస్టార్‌లో సులభం స్థాయిలో అటూ ఇటూ 2 మెట్లు తప్పినా ఊరుకుంటుంది. మధ్యస్థంలో 1 మెట్టు దాకా మన్నిస్తుంది. కఠినంలో అదే మెట్టు మీద ఉండాలి, అంటే పైకో కిందికో అర మెట్టు దాటితే గడి పోయినట్టే.

మార్కుల లెక్క కూడా ఒకసారి చూస్తే ఎక్కడ శ్రమ పెట్టాలో తెలుస్తుంది. మొత్తం 10,000. వరుస బహుమానం ఎంపికలో ఉంటే అందులో 1,000 సాహిత్యంలో ఒక్కో వరుసంతా శుభ్రంగా పాడినందుకు, 9,000 స్వరాలకు. ఒక పాటలో మామూలు గడులు 800, బంగారు గడులు 50 ఉన్నాయనుకోండి. బంగారు గడికి రెండింతలు కాబట్టి 800కు 100 కలిపితే 900. గడికి 10 మార్కులు, బంగారు గడికి 20. అంటే 6 గడుల బంగారు పట్టీ ఒక్కటి తప్పితే పోయేది 120. దానికోసం గొంతు చించుకుని, ఆయాసంతో తరువాతి రెండు వరుసలు వదిలేసుకునేవాళ్లను చూశాను. ఆ రెండు వరుసల్లో 60 గడులు ఉంటే పోయింది 600. బేరం తెలియని వ్యాపారం.

మొదటి అడుగు: తప్పు గొంతుదా, పెట్టెదా?

గొంతును అనుమానించే ముందు యంత్రాన్ని చూడండి. టీవీ బొమ్మను, శబ్దాన్ని కాస్త ఆలస్యంగా వదులుతుంది. మైకు నుంచి కంప్యూటర్‌కు మాట చేరడానికి మరికొంత పడుతుంది. పాట ఫైలులో బీపీఎం (పాట వేగం) అనే వరుసలో 300 అని ఉంటే ఆట దాన్ని 4తో గుణించి వాడుకుంటుంది. నిమిషానికి 1,200 గడులు, గడికి 50 మిల్లీసెకన్లు. మొత్తం ఆలస్యం 150 మిల్లీసెకన్లయితే ప్రతి స్వరానికీ మొదటి 3 గడులు పోతాయి. 6 గడుల పట్టీలో సగం అన్నమాట. మీరు త్యాగరాజస్వామి శిష్యపరంపరలోవారైనా సగం మార్కులే.

పరీక్ష సులువు. మీకు నిద్రలో కూడా వచ్చిన, నింపాదిగా సాగే పాట ఒకటి తీసుకుని 'దా దా' అంటూ పాడండి. ప్రతి పట్టీలోనూ నిండిన భాగం ఒకే దూరం ఆలస్యంగా మొదలవుతుంటే అది పెట్టె తప్పు. ఒకచోట ఆలస్యంగా, ఒకచోట ముందుగా, ఒకచోట సరిగ్గా పడుతుంటే అది మీ తాళం. పెట్టె తప్పయితే టీవీలో ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ పెట్టండి, ఆ తరువాత ఆట ఎంపికల్లో మైకు ఆలస్యాన్ని సరిచేసే అంకెను కొద్దికొద్దిగా మార్చి చూడండి. మీకూ టీవీకీ మధ్య గది దూరం గురించి బెంగపడకండి. శబ్దం 3 మీటర్లు నడవడానికి 9 మిల్లీసెకన్లే పడుతుంది.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు ఈ ఆటకు పనికిరావు. ఆలస్యం ఒకటి, మైకు తెరవగానే వినబడే పాట నాణ్యత పడిపోవడం ఇంకొకటి. తీగ ఉన్నవే వాడండి. సింగ్‌స్టార్‌తో వచ్చిన నీలం, ఎరుపు మైకుల జత సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే వదలకండి. కంప్యూటర్ యూఎస్‌బీకి తగిలిస్తే రెండూ కలిసి ఒకే స్టీరియో పరికరంగా కనిపిస్తాయి, ఎడమ చానెల్ ఒకరికి, కుడి చానెల్ ఇంకొకరికి కేటాయించుకోవాలి. ఈ కేటాయింపు తారుమారై భార్య పాటకు భర్తకు మార్కులు పడ్డ ఇల్లు నాకు తెలుసు. ఆయన చాలా రోజులు చెప్పలేదు.

ఇంకో దొంగ ఉంది. వీడియో కాల్స్‌లో ఫ్యాను మోత వినపడకుండా చేసే నాయిస్ సప్రెషన్. దానికి మాటలంటే గౌరవం, ఆగకుండా మోగే శబ్దమంటే అనుమానం. మీరు ఒక స్వరాన్ని రెండు సెకన్లు నిలబెడితే అది ఫ్యానో, మిక్సీయో అనుకుని నొక్కేస్తుంది. పొడుగు పట్టీలు మొదట్లో నిండి మధ్యలో తెగిపోతుంటే ముందు కంప్యూటర్ మైకు అమరికల్లోకి వెళ్లి దాన్ని, ప్రతిధ్వని తొలగించే ఎంపికను ఆపేయండి. టీవీ స్పీకర్లలోని పాట మైకులోకి దూరకుండా ధ్వని తగ్గించండి. మైకు నోటికి రెండు వేళ్ల దూరంలో ఉంచండి. మైకు మట్టాన్ని మీరు పాడే అతి గట్టి స్వరంతో పరీక్షించండి. మామూలు మాటతో చూసి వదిలేస్తే పై స్వరం దగ్గర శబ్దం పగిలిపోతుంది, పగిలిన శబ్దంలో శ్రుతి వెతకడం యంత్రానికి కష్టం.

రెండో అడుగు: తెర మీది గీతలు చదవడం

మీరు పాడినది పట్టీల మీద గీతగా పడుతుంది. పాట అయ్యాక కాదు, అవుతుండగానే దాన్ని చూడటం అలవాటు చేసుకోండి. ఇంకా మంచిది, ఫోనుతో తెరను వీడియో తీసి తరువాత చూడటం. ఎందుకంటే పాడుతున్నప్పుడు చూపు మీ గీత మీదే ఉంటే రాబోయే పట్టీ కనపడదు.

గీత పట్టీకి కింద మొదలై ఎక్కి వస్తే మీరు స్వరాన్ని జారుతో అందుకుంటున్నారు. చివర్లో కిందికి వాలితే దమ్ము చాలడం లేదు. పట్టీ అంతటా పైకీ కిందికీ పళ్లు పళ్లుగా ఉంటే గమకం, అంటే స్వరాన్ని ఊపుతున్నారు. అసలు గీతే లేకపోతే గొంతు మరీ మెల్లగా ఉంది, లేదా ఆ చోట హల్లు తప్ప అచ్చు లేదు. ఒక్కోదానికి ఒక్కో మందు. అన్నిటికీ 'ఇంకా గట్టిగా పాడు' అనే మందు వేయడం వల్లనే గొంతులు బొంగురుపోతున్నాయి.

ఇక్కడ అందరూ బోల్తాపడే చోటు ఒకటి ఉంది, కాస్త నిదానంగా చదవండి. ఆట మీరు ఏ స్థాయిలో పాడారో చూడదు. మంద్ర (కింది) స, మధ్య స, తార (పై) స దానికి ఒక్కటే. అందుకని మీరు తప్పు పాడినప్పుడు, ఆ తప్పును పట్టీకి అతి దగ్గరగా ఉండే స్థాయిలోకి తెచ్చి గీస్తుంది. పట్టీ పై స మీద ఉంది, మీ గొంతు మ దగ్గరే ఆగిపోయింది అనుకుందాం. స కంటే ఆ మ 7 మెట్లు కింద. కానీ పై స తరువాత వచ్చే మ 5 మెట్లే దూరం. కాబట్టి ఆట మీ గీతను పట్టీకి 5 మెట్లు పైన వేస్తుంది. మీరు అది చూసి 'అయ్యో, మరీ ఎక్కువ పోయాను' అని ఇంకా కిందికి దిగుతారు. నిజానికి ఎక్కవలసింది. మా మేనల్లుడు ఒక పాటలో ఇదే చోట వారం రోజులు కొట్టుకున్నాడు. పై స్వరం దగ్గర గీత హఠాత్తుగా చాలా పైకి గెంతితే, మీరు కిందపడ్డారని అర్థం చేసుకోండి.

మూడో అడుగు: ఏ స్థాయిలో పాడాలో ముందే తేల్చుకోవడం

స్థాయి లెక్కలో లేదు కాబట్టి, గొంతుకు అందని పై స్వరాన్ని 12 మెట్లు కింద పాడితే పూర్తి మార్కులు వస్తాయి. ఇది మోసం కాదు. రాక్ బ్యాండ్‌లోనూ ఇదే పద్ధతి. స్త్రీ పాడిన పాటను పురుషుడు, పురుషుడి పాటను పిల్లలు ఆడగలగాలి కదా.

చిక్కంతా ఎక్కడ దిగాలి, ఎక్కడ మళ్లీ ఎక్కాలి అన్నదే. స్వరం అందని క్షణంలో దిగాలని చూస్తే అప్పటికే ఆలస్యం. గొంతు తడబడి రెండుమూడు పట్టీలు పోతాయి. చరణంలో పై స్వరానికి ముందు ఊపిరి తీసే చోటు ఏదో చూసుకోండి. ఆ వరుస మొత్తాన్ని కింది స్థాయిలోనే మొదలుపెట్టండి, వరుస అయ్యాక ఊపిరి తీసుకుని తిరిగి పైకి రండి. కాగితం మీద సాహిత్యం రాసుకుని దిగే చోట కిందికి బాణం, ఎక్కే చోట పైకి బాణం గీసుకుంటే ఇంకా నయం. దిగాక స్వరం మరీ కిందికి పోయి గొంతు గరగరలాడితే ఆ వరుసకు ఈ ఉపాయం వద్దు. గరగరలో యంత్రానికి శ్రుతి దొరకదు.

దొంగ గొంతు, అంటే పై స్వరాల కోసం సన్నగా మార్చి పలికే గొంతు కూడా చెల్లుతుంది. అయితే దానిలో గాలి ఎక్కువ, స్వరం తక్కువ. ఆ చోట మైకును ఇంకాస్త దగ్గరకు తెచ్చుకోండి.

నాలుగో అడుగు: ఎత్తుగడ

స్వరాన్ని అందుకునే మొదటి క్షణంలో పోయే మార్కులే అన్నిటికంటే ఎక్కువని నా లెక్క. దీనికి కారణాలు రెండు.

ఒకటి, నోరు తెరిచాక స్వరం వెతుక్కోవడం. పట్టీ రావడానికి ముందే ఆ స్వరం మనసులో మోగాలి. సాధనకు మార్గం: పాట ఆపి, ముందు వరుస చివరి స్వరం పాడి, నోరు మూసుకుని తరువాతి స్వరాన్ని లోపలే అనుకుని, అప్పుడు 'ఊ' అని పలకండి. కీబోర్డు యాప్‌లో నొక్కి సరిచూసుకోండి. పదిసార్లలో ఎనిమిది సార్లు కుదిరిన తరువాతే పాటలో పెట్టండి.

రెండోది హల్లుల సంగతి. చిన్నప్పుడు వ్యాకరణంలో పరుషాలు, సరళాలు చదువుకున్నాం. క చ ట త ప పలికేటప్పుడు కంఠంలో కంపన ఉండదు. గ జ డ ద బ పలికేటప్పుడు ఉంటుంది. కంఠం మీద వేలు పెట్టి 'స్‌స్‌స్' అని, తరువాత 'మ్‌మ్‌మ్' అని చూడండి, వేలికే తెలుస్తుంది. యంత్రానికి కావలసింది ఆ కంపనే. 'సా' అని మొదలయ్యే పట్టీని మీరు సరిగ్గా సమయానికి అందుకున్నా, స కారం నడిచినంతసేపూ గడి ఖాళీ. కాబట్టి పరుషాన్ని, స శ ష లను పట్టీ కంటే రవ్వంత ముందే పలికి, పట్టీ మొదలయ్యేసరికి అచ్చు మీద ఉండండి. అప్పటికీ కుదరకపోతే సరళాదేశ సంధి చేసేయండి: 'తా' బదులు 'దా', 'పా' బదులు 'బా'. వ్యాకరణం ఒప్పుకోని చోట కూడా ఆట ఒప్పుకుంటుంది. మన పదాలు అచ్చులతో ముగుస్తాయి కాబట్టి చివర్ల దగ్గర తెలుగు పాటతో బాధ తక్కువ. ఇంగ్లిషు పాటల్లో పదం చివరి హల్లును తొందరపడి మూసేస్తే పట్టీ తోక పోతుంది.

ఐదో అడుగు: గమకాన్ని మడిచి పెట్టడం

మా వదిన ఓడింది ఇక్కడే. కర్ణాటక సంగీతంలో చాలా రాగాల్లో గాంధారం గాంధారం మీదే నిలబడదు. మధ్యమాన్ని తాకుతూ, రిషభం వైపు వాలుతూ ఊగుతుంది. ఆ ఊపులోనే రాగం ఉంది. ఆట దృష్టిలో మాత్రం ఆ గాంధారం మూడు వేర్వేరు స్వరాల మధ్య తిరుగుతున్న అస్థిరమైన మనిషి. కఠిన స్థాయిలో అర మెట్టు వరకే సహనం, ఆ ఊపు దాన్ని రెండు పక్కలా దాటుతుంది.

సంగీతం నేర్చుకోనివాళ్లకు ఇది సులువు, నేర్చుకున్నవాళ్లకు చేదు. తంబురా యాప్ పెట్టుకుని సరళీ స్వరాలను హార్మోనియం పలికినట్టు, మొదలు నుంచి చివరి దాకా నిటారుగా పాడాలి. వదినకు రెండు వారాలు పట్టింది. "ఇస్త్రీ చేసినట్టుంది" అన్నారు, విసుగ్గా. పాశ్చాత్య గాయకుల సన్నని కంపన అర మెట్టులోపల ఉంటే ఫరవాలేదు. పొడుగు స్వరంలో మొదటి మూడొంతులు నిటారుగా నిలిపి, చివర్లో మాత్రమే ఊపితే మార్కులూ దక్కుతాయి, పాటా పాటలాగే ఉంటుంది.

పట్టీలు మెట్లు మెట్లుగా కిందికో పైకో పేర్చి ఉన్నచోట, మనం సహజంగా జారుతో కలిపేస్తాం. అక్కడ జారు వద్దు. ప్రతి పట్టీని విడిగా తాకండి. స్వరాలను విడివిడిగా, వేగంగా పలికించే రవ్వ సంగతులు పాడినవారికి ఇది చేతిలో పని.

పొడుగు స్వరం, దూకే స్వరం

పొడుగు పట్టీ చివర గీత వాలిపోతుంటే ఆ పట్టీ దగ్గర వెతకకండి, తప్పు దానికి ముందున్న ఊపిరిలో ఉంది. భుజాలు లేచేలా గాలి నింపుకుంటే అది మొదటి సెకనులోనే బయటికి తోసుకొస్తుంది. పక్కటెముకల కింద, నడుము పక్కల విప్పారేలా తీసుకోండి. 'స్‌స్‌స్' అంటూ ఒకే ధారగా గాలి వదలండి, 15 సెకన్లతో మొదలుపెట్టి 25 దాకా పెంచుకోండి. పాటలో ఊపిరి తీసే చోట్లు కూడా సాహిత్యం కాగితం మీద గుర్తు పెట్టండి. దమ్ము అసలే చాలకపోతే, పొడుగు పట్టీలోంచి రెండు గడులు ముందే వదిలేసి ఊపిరి తీసుకోండి. 20 మార్కులు పోతాయి, తరువాతి వరుస మిగులుతుంది.

స నుంచి ఒక్కసారిగా ప కో, పై స కో దూకే చోట్లకు మన దగ్గర మందు ఎప్పటినుంచో ఉంది: దాటు స్వరాలు. స గ రి మ, రి మ గ ప అంటూ ఒకదాన్ని వదిలి ఒకదాన్ని పట్టే వరుసలు. ఏ సంగీతం టీచరైనా మూడో నెలలోపు నేర్పుతారు, ఏ విద్యార్థి అయినా ఇవెందుకురా అనుకుంటాడు. ఇందుకే. పాటలో మీకు తప్పుతున్న దూకుడు ఎన్ని మెట్లో చూసి, అదే దూరాన్ని తంబురా మీద వేర్వేరు చోట్ల నుంచి దూకండి. ముందు మధ్య స్వరాలన్నీ మెట్టుమెట్టుగా ఎక్కి చేరండి, తరువాత మధ్యవి మనసులో అనుకుంటూ చివరిది మాత్రమే పలకండి, ఆ తరువాత నేరుగా దూకండి.

వేగంగా వచ్చే పలుకుల విషయంలో ఎక్కువ చెప్పాల్సింది లేదు. ర్యాప్‌గా గుర్తించిన పట్టీల్లో స్వరంతో పని లేదు, సమయానికి గొంతు వినిపిస్తే చాలు. స్వరంతో కూడిన వేగపు పలుకుల్లో పదాలు మింగి అచ్చులు మాత్రం పాడండి, మా మేనల్లుడిలాగ.

పై స్వరాన్ని పైననే పాడాలని పట్టుబడితే

మార్కుల కోసం అక్కర్లేదు, కానీ పంతం ఉంటుంది కదా. ఉదాహరణకు 440 హెర్ట్జ్ స్వరం పాడాలంటే కంఠతంత్రులు సెకనుకు 440 సార్లు తాకి విడిపోవాలి. వాటిని అందుకు సాగదీయాలి. బలంగా గాలి కొడితే శబ్దం పెరుగుతుంది కానీ అవి సాగవు, బిగుసుకుంటాయి.

పాడే ముందు పది నిమిషాలు గొంతు వేడెక్కించండి. సగం గ్లాసు నీళ్లలో స్ట్రా ముంచి, బుడగలు వచ్చేలా 'ఊ' అని కింది నుంచి పైకి, పైనుంచి కిందికి జారండి. పెదవులు బుర్రుమనిపిస్తూ పాట మొత్తం ఒకసారి పాడండి. వినేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. నోటి దగ్గర గాలికి చిన్న అడ్డు ఉండటం వల్ల తంత్రుల మీద భారం తగ్గి, పై స్వరం ఒత్తిడి లేకుండా ఎలా ఉంటుందో గొంతుకు తెలుస్తుంది. అదే స్వరాన్ని 'ఊ' తో, తరువాత 'ఓ' తో, చివరికి పాటలోని అచ్చుతో పాడండి. పై స్వరం మీద 'ఈ' వస్తే దవడ బిగుస్తుంది, దాన్ని 'ఎ' వైపు కాస్త తెరవండి. గడ్డం పైకెత్తి స్వరం వెతకడం మానండి, అది పైకప్పు మీద ఉండదు.

ఒకే పై స్వరాన్ని వరుసగా ఐదారు సార్లకు మించి ప్రయత్నించకండి. మధ్యలో కింది స్వరాలు పాడి, నీళ్లు తాగి మళ్లీ రండి. నొప్పి అంటే ఆపమని అర్థం. బొంగురు రెండు మూడు వారాలైనా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి. మిరియాల పాలతో సర్దుకునే విషయం కాదు.

చివరి అడుగు: పాటనే మీ గొంతుకు దించుకోవడం

అల్ట్రాస్టార్ పాట అంటే ఒక శబ్దపు ఫైలు, దాని పక్కన మామూలు టెక్స్ట్ ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరవండి. పైన బీపీఎం, గ్యాప్ లాంటి వివరాలు, కింద ఇలాంటి వరుసలు ఉంటాయి:

: 32 6 9 రా

మొదట ఉన్న రెండు చుక్కల గుర్తు మామూలు స్వరమని చెబుతుంది. అక్కడ నక్షత్రం ఉంటే బంగారు పట్టీ. 32 అంటే 32వ గడిలో మొదలు, 6 అంటే ఆరు గడుల పొడవు, 9 అంటే స్వరస్థానం, రా అంటే పలికే అక్షరం. స్వరస్థానంలో 0 అంటే పాశ్చాత్యుల సి, మన హార్మోనియం మీద ఒకటో శ్రుతి. అక్కడ నుంచి 9 మెట్లు ఎక్కితే వాళ్ల 'ఏ' అనే స్వరం.

పాట మీ గొంతుకు 3 మెట్లు ఎక్కువనుకోండి. ఉచితంగా దొరికే ఆడాసిటీలో శబ్దపు ఫైలు తెరిచి, వేగం మారకుండా శ్రుతి మాత్రమే మార్చే ఎంపికతో 3 మెట్లు తగ్గించి, కొత్త పేరుతో దాచండి. టెక్స్ట్ ఫైలుకు నకలు తీసి, ప్రతి వరుసలో స్వరస్థానపు అంకె నుంచి 3 తీసేయండి. 9 ఉన్నచోట 6, 2 ఉన్నచోట -1. నకలులో శబ్దపు ఫైలు పేరు కూడా మార్చడం మరవకండి, మరిస్తే పాట ఒక శ్రుతిలో, పట్టీలు ఇంకో శ్రుతిలో నడుస్తాయి. నేను మరిచాను. ఒక సాయంత్రమంతా నా గొంతునే తిట్టుకున్నాను.

సాధన కోసం పాటను నెమ్మది చేసుకోవడానికీ ఇదే దారి. శబ్దాన్ని 80 శాతం వేగానికి తగ్గిస్తే బీపీఎం 300 ఉన్నది 240 అవుతుంది. గ్యాప్ అంటే మొదటి గడి మొదలయ్యేదాకా ఉండే మిల్లీసెకన్లు, అది 12,000 ఉంటే 15,000 అవుతుంది. గడుల అంకెలు మార్చనక్కర్లేదు. తెలుగు అక్షరాలు రాసుకుంటే ఫైలును దాచేటప్పుడు అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్-8 ఎంపికలో దాచండి. ఒత్తులు తెర మీద చెదిరిపోతే ఇంగ్లిషు అక్షరాల్లో రాసేయండి, చదివేది మీరే.

వదిన ఈ నకళ్ల పని నాకంటే బాగా పట్టుకున్నారు. ఈసారి వచ్చినప్పుడు అదే పాట పెట్టి, పట్టీల మీద నిటారుగా, తొణక్కుండా పాడుకుంటూ పోయారు. మేనల్లుడు నోరెళ్లబెట్టి అంకెలు చూస్తున్నాడు. రెండో చరణం చివరి వరుసకు వచ్చేసరికి మాత్రం కళ్లు మూసుకుని, చేయి ఊపుతూ గమకాలన్నీ విప్పేశారు. మార్కులు పోతాయని వాడు అరిచాడు. పోలేదు. తరువాత ఫైలు తెరిచి చూస్తే, ఆ వరుసలో ప్రతి స్వరం ముందూ చుక్కల గుర్తు చెరిపేసి ఎఫ్ అనే ఇంగ్లిషు అక్షరం పెట్టి ఉంది. ఆ అక్షరం ఉన్న పట్టీలను ఆట లెక్కపెట్టదు.